అలకగానే పండగా?

"మళ్ళీ మొదలెట్టారా?" అంది మా ఆవిడ, కాఫీగ్లాసు బల్లమీద పెడుతూ.

నేను బదులు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. బల్లమీద లాప్‌టాప్, దానిపక్కన ఒక పెన్‌డ్రైవు, ఏమేమి దాచుకోవాలో రాసుకున్న కాగితం, ఎదురుగా కుర్చీలో మావాడు. వీటన్నిటినీ కలిపి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, ఈయన కంప్యూటరులో వున్నదంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టం మళ్ళీ మొదటినుంచి వెయ్యబోతున్నాడని.

కొందరికి పేకాట వ్యసనం, కొందరికి పొడుం. నాకు ఒకప్పుడు ఇదీ. 2003నుంచి 2009దాకా ఆరేళ్ళలో 19 సార్లు వేశాను. డైరీలో రాసుకున్నాను గనక లెక్క తప్పే ప్రసక్తి లేదు. ఆ తరువాత పదహారేళ్ళపాటు ఒక్కసారి కూడా ఆ జోలికి పోలేదు. అంచేతనే మా ఆవిడ గొంతులో అంత ఆశ్చర్యం.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో తెలియని పాఠకులు ఇప్పుడు వుండరనుకుంటాను. అయినా పాఠం చెప్పే నోరు వూరుకోదు గదా! కంప్యూటరులో మనం వాడుకునే రాతపని, పాటలు, బొమ్మలు ఇవన్నీ వాటాల్లో అద్దెకున్న సంసారాలనుకోండి. వాళ్ళకు నీళ్ళూ దీపాలూ సమకూర్చి, ఎవరూ ఎవరి గదిలోకీ చొరబడకుండా చూసే ఇల్లుగలాయనే ఆపరేటింగ్ సిస్టం. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిపోయినా గోడలకు మేకులు మిగిలిపోతాయి చూశారూ, విండోస్ 98, ఎక్స్‌పీల కాలంలో సరిగ్గా అలాగే జరిగేది. మనం తెచ్చి పెట్టి తీసేసిన ప్రోగ్రాములు రిజిస్ట్రీ అనే చిట్టాలో తమ పద్దులు తాము వదిలేసి పోయేవి. ఆరునెలలు తిరిగేసరికి యంత్రం నీరసించేది. మీట నొక్కి, స్నానం చేసి వచ్చినా తెర ఇంకా తెమిలేది కాదు. అప్పుడు సున్నం కొట్టించినట్టుగా మొత్తం తుడిచి మళ్ళీ వేస్తే, నాలుగురోజులపాటు లేడిపిల్లలా గంతులేసేది. ఆరునెలలకోసారి ఇలా చెయ్యటం ఆ రోజుల్లో తెలిసినవాళ్ళందరూ పాటించిన ఆచారమే. నేను కనిపెట్టిన వింత కాదు.

అయితే నా డైరీ ఇంకో సంగతి కూడా చెబుతుంది. అప్పట్లో ఎం.ఏ. ముగించి, రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో కొత్తగా చేరాను. దేవీచౌక్ దగ్గర ఒక సెకండ్‌హాండ్ కంప్యూటరు కొన్నాను. స్త్రీల పాటల మీద పరిశోధన చేసి డాక్టరు పట్టం సంపాదించాలని నా సంకల్పం. ఆ 19 తేదీలకూ పక్కన ఏమి రాసివుందో చూడండి: "మొదటి ప్రకరణం ఇవ్వాలి". "గైడుగారు రమ్మన్నారు". "మొదటి ప్రకరణం తప్పక ఇవ్వాలి". యంత్రం నీరసించిందని నేను అనుకునేవాణ్ణి. నీరసించింది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది. కొత్త సిస్టం వెయ్యటంలో వున్న సుఖమేమంటే, రోజంతా కష్టపడ్డట్టే వుంటుంది, ఒక్క వాక్యమూ రాయనక్కరలేదు.

ఎక్స్‌పీ వెయ్యటమంటే ఒక పూట పని. పాతిక అక్షరాల అంకెల తాళం తప్పులేకుండా కొట్టాలి. ఇంకా 39 నిమిషాలు పడుతుందని తెరమీద పడుతుంది. ఆ నిమిషాలకూ మన గోడగడియారం నిమిషాలకూ చుట్టరికం లేదు. అది పూర్తయ్యాక గడియారం అమెరికా పడమటితీరపు వేళ చూపిస్తుంది. దాన్ని చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని నాలుగు ఊళ్ళపేర్లున్న వరసకు మార్చాలి. తెలుగు కావాలంటే భాషల పేజీలోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే మళ్ళీ సీడీ అడుగుతుంది. ఆపైన పోతన 2000 ఖతి చేర్చాలి. ఇదంతా అవసరం. అవసరం కానిది ఇంకా బోలెడు. ఆకుపచ్చని గుట్ట, నీలాకాశం వున్న ఆ ప్రసిద్ధమైన తెరబొమ్మ తీసేసి గోదావరి రైలువంతెన పెట్టేవాణ్ణి. కిటికీల అంచులకు రంగులు, బాణంగుర్తుకు బదులు పరిగెత్తే గుర్రం, యంత్రం మేలుకున్నప్పుడు వీణ మోత. ఇంత అలంకారం ముగిసేటప్పటికి రాత్రి పదకొండు. ప్రకరణం రేపటికి.

అసలు విషయానికి వస్తాను.

మా నాయనమ్మది కోనసీమ. ఆవిడకు మేలుకొలుపులూ, మంగళహారతులూ, అలక పాటలూ, ఊర్మిళాదేవి నిద్రా అన్నీ కంఠతా వచ్చు. 2006 వేసవి సెలవుల్లో ఆవిడను మా ఇంటికి తీసుకొచ్చి కూచోబెట్టి, ఆవిడ పాడుతూ వుంటే నేను టైపు చేశాను. 63 పాటలు. "నువ్వు అచ్చరాలు వెతుక్కునేలోగా నాకు చరణం మరుపొస్తోందిరా" అనేది. పోతన 2000 యూనికోడు ఖతి. నెమ్మదిగా పోతుందని, వాడటం మానేసి, తెలిసినవాళ్ళ దగ్గర అచ్చాఫీసులవాళ్ళు వాడే ఖతి ఒకటి వేయించుకున్నాను. 2007 దసరాకు నేనే ఊరికి వెళ్ళాను. ఆవిడ మరో నాలుగు పాటలు చెప్పింది. కాగితంమీద రాసుకుని, తిరిగొచ్చి ఎక్కించి, తెరమీదనే ఎదురుగా వుంచాను. కాగితం ఏమయిందో తెలియదు. మరుసటి ఏడు నాయనమ్మ పోయింది.

2009లో పందొమ్మిదోసారి సిస్టం వేశాను. పాటలన్నీ డి డ్రైవులో భద్రంగా వున్నాయని నా ధీమా. సి డ్రైవు నిశ్చింతగా తుడిచేశాను. అలంకారాలు పూర్తయ్యాక పాటల ఫైలు తెరిచాను. తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, ఎక్కడా చూడని గుర్తులూ, నత్తివాడు పాషాణపాకం చదివినట్టు.

ఆ పాతరకం ఖతుల మర్మం తరువాత తెలిసింది. యూనికోడులో తెలుగు 'అ'కు ప్రపంచమంతటా ఒకే సంఖ్య. 1991నుంచీ తెలుగుకు దానిలో 128 గళ్ళు కేటాయించి వున్నాయి. కాని నేను వాడిన ఖతి ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు బొమ్మలు పెట్టుకుంది. వేషం వున్నంతసేపూ శ్రీకృష్ణుడు. వేషం తీస్తే మన వీధి సుబ్బయ్య. ఖతి సి డ్రైవులో వుండేది. వేషం నేనే చెరిపేశాను.

ఆ ఖతి కోసం మూడునెలలు తిరిగాను. వేసిపెట్టినాయన ఊళ్ళో లేడు. చివరికి శుభలేఖలు అచ్చువేసే ఒక దుకాణంలో దొరికింది. అదే పేరు, కాని వేరే కూర్పు. పాటలు తెలుగులోకి వచ్చాయి, సగం వత్తులు తారుమారై. వాటిని సరిదిద్దటానికి ఒక ఏడాది పట్టింది. అన్నీ యూనికోడులోకి మార్చి, కాగితంమీద అచ్చు తీసి, బైండు చేయించాను. 63 పాటలు దక్కాయి.

ఆ నాలుగూ దక్కలేదు. ఎదురుగా కనబడుతూ వుండాలని తెరమీద పెట్టాను చూశారూ, ఆ తెర వుండేది సి డ్రైవులోనే. కళ్ళెదుట వున్నదే గదా అని దాన్ని దాచలేదు. నాలుగింటిలో మూడు తరువాత ఎవరో ఒకరి నోట దొరికాయి. ఒక అప్పగింతల పాట మటుకు దొరకలేదు. నాయనమ్మ తన అత్తగారి దగ్గర నేర్చుకున్నది. చెప్పేటప్పుడు రెండుసార్లు ఆగిపోయి కళ్ళు తుడుచుకుంది. అది జ్ఞాపకం వుంది. పల్లవి జ్ఞాపకం లేదు. ఆ మరుసటి ఏడే పరిశోధన మానుకున్నాను. పాట పోయిందని మానుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. డైరీ ఒప్పుకోదు.

ఇక ఇప్పటి సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. మా లాప్‌టాప్ 2017లో కొన్నది. పదకొండో విండోస్ కోరే అర్హతలు దానికి లేవు. "డెబియన్ వేద్దాం నాన్నా" అన్నాడు మావాడు. వాడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం. వాడికీ నా జబ్బు వచ్చింది. నెలకొక లినక్స్ మారుస్తాడు, రోజుకొక రంగు. కాని సొంత ఫైళ్ళకూ అమరికలకూ విడిగా ఒక భాగం పెట్టుకున్నాడు. సిస్టం మార్చినా వాటి జోలికి పోడు. తండ్రికి లేని తెలివి ఎవరి పోలిక అని అడక్కండి. ఆవిడ పక్కనే వుంది.

"తెరమీద ఏమైనా వున్నాయేమో చూసుకున్నారా?" అంది.

"చూశాను."

"ఆ పాట మీ అత్తయ్యకు వచ్చునేమో, ఎప్పుడైనా అడిగారా?"

నేను కాఫీ అందుకున్నాను. ఎలా అడగను? నాయనమ్మ పాటలన్నీ పొల్లుపోకుండా కంప్యూటరులో పెట్టానని పదహారేళ్ళుగా మా మేనత్తతో గొప్పలు చెబుతూ వచ్చాను. ఆవిడ ఊరందరితోనూ చెప్పుకుంది.

మా ఆవిడ ఫోను కలిపి నా చేతికిచ్చింది. తప్పలేదు. పోగొట్టానని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"అదా! అది నా పెళ్ళిలో అమ్మ పాడిందిరా," అంది అత్తయ్య చివరికి. "వుండు, పొయ్యిమీద పాలున్నాయి, దించి వస్తాను."

వచ్చి మొదలుపెట్టింది. డెబ్భయి దాటిన గొంతు. నేను దాచుకోవలసినవాటి జాబితా రాసిన కాగితాన్నే తిరగేసి, పెన్సిలుతో రాయటం మొదలుపెట్టాను. రెండో చరణం తరువాత ఆగింది. "ఇక్కడ మరో చరణం వుండాలిరా, అందటంలేదు. మళ్ళీ మొదటినుంచి అంటాను, రాసుకో."

లాప్‌టాప్ తెరమీద భాషల పట్టికలో తెలుగు మీద గీత వెలుగుతోంది.

"నాన్నా, తరువాతిది నొక్కనా?" అన్నాడు మావాడు.

"వుండరా," అన్నాను.