చిన్న ఇంజను

హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారి పటాన్‌చెరును దాటి సంగారెడ్డివైపు సాగును. ఈ దారిలో పొగగొట్టములును, రేకుల కప్పులును, లారీల వరుసలును కనిపించును. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము భారీ టర్బైనులను నిర్మించుచున్నది. ఒకప్పుడు పటాన్‌చెరులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ 'అల్విన్ పుష్పక్' అను స్కూటర్లను తయారుచేసెను. ఆ సంస్థ నేడు లేదు. అయినను యంత్రములను విప్పి బిగించు విద్య ఈ ప్రాంతమును విడిచిపోలేదు. పెద్ద కర్మాగారముల నీడలో లేతు దుకాణములు, వెల్డింగు కొట్లు, పాత ఇనుము కొనువారి కొట్టములు బ్రదుకుచున్నవి. ఒకరు పారవేసిన వస్తువు వేరొకరి చేతిలో పనిముట్టగుట ఇచట నిత్యము జరుగు విషయము.

పాత ఇంజనుతో చిన్న బండి చేసికొనవలెనను కోరిక ఈనాటిది కాదు. 1946వ సంవత్సరమున, యుద్ధముచే శిథిలమైన జపానులో, హోండా సోయిచిరో అను యంత్రజ్ఞుడు సైన్యము విడిచిన చిన్న ఇంజనులను చూచెను. అవి వైర్‌లెస్ యంత్రములకు విద్యుత్తు నిచ్చుటకై చేయబడినవి. ప్రయాణ సాధనములు చాలని ఆ దినములలో ఆయన వానిని సైకిళ్ళకు బిగించి అమ్మెను. మొదటి బండికి వేడినీళ్ళ సీసాయే పెట్రోలు తొట్టి యయ్యెనట! జగత్ప్రసిద్ధమైన ఒక సంస్థకు అదియే నాంది.

పటాన్‌చెరుకు సమీపమున ఒక పల్లెలో పదునాలుగేండ్ల బాలుడొకడు కలడు. తండ్రి కర్మాగారములో షిఫ్టు పని చేయును. వారికి రెండెకరముల చేను కలదు. బడి నాలుగు కిలోమీటర్ల దూరము. చిన్న బండి యొకటి చేసికొని బడికి పోవలెనని బాలుని సంకల్పము. పండుగలకు పెద్దలిచ్చిన రూకలను కూడబెట్టి, తండ్రితో చెప్పకయే అతడు పాత సామానుల కొట్టునకు పోయెను. అచటి వృద్ధుని అందరును ఉస్తాద్ అని పిలుతురు.

ఉస్తాద్ మూడు ఇంజనులను నేలపై నుంచెను. మొదటిది పాత మోపెడ్‌ది. అది టూ స్ట్రోకు ఇంజను. ప్రతి చుట్టునకు ఒకమారు మంట పుట్టును గనుక తన బరువునకు మించిన బలము చూపును. రెండవది పత్తిచేలలో మందు చల్లు యంత్రమునుండి తీసినది. అది మిక్కిలి తేలిక. కాని మనిషిని మోయుటకు చాలదు. మూడవది నీటి పంపునకు చెందిన ఫోర్ స్ట్రోకు ఇంజను. సుమారు 100 సి.సి. పరిమాణము గలది.

"ఏది మంచిది, ఉస్తాద్?" అని బాలుడడిగెను.

"నన్నడుగకు, బిడ్డా! వానినే అడుగుము" అని ఉస్తాద్ నవ్వెను.

పిమ్మట ఆ అడుగు విధానమును నేర్పెను. ఇంజనును చేతితో త్రిప్పినపుడు లోపలి గాలి నొక్కబడి ఎదురు తన్నవలెను. ఎదురు లేనిచో పిస్టను రింగులో, సిలిండరు గోడలో, వాల్వులో అరిగినవని అర్థము. స్పార్కు ప్లగ్గు కొన లేత గోధుమరంగులో నున్న మంచిది. పొడి మసి పట్టిన పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది. నూనెతో తడిసిన రింగులపై అనుమానము కలుగవలెను. ఇరుసును పట్టి పైకి క్రిందికి కదిపి చూడవలెను. కదలిక యున్న బేరింగు చెడినది. నూనెలో లోహపు మెరుపు కనిపించిన ఆ ఇంజనును తాకకుండుటయే మేలు. ఈ పరీక్షలలో మోపెడ్ ఇంజను ఓడిపోయెను. పంపు ఇంజను నెగ్గెను.

పంపును విప్పివేయగా ఇరుసు మిగిలెను. దానికి సెంట్రిఫ్యూగల్ క్లచ్చిని బిగించిరి. ఇంజను మెల్లగా తిరుగునపుడు బండి నిలిచియుండును. వేగము హెచ్చినపుడు క్లచ్చి బిళ్ళలు వెలుపలికి జరిగి గొలుసు చక్రమును పట్టుకొనును. ఇక వేగము తగ్గింపవలెను. ఒకే పెద్ద పండ్లచక్రము వేసిన అది నేలరాళ్ళకు తగులును. కావున నడుమ మరొక ఇరుసు నుంచి, మొదట 10 పండ్లనుండి 20 పండ్లకు, పిదప 10 పండ్లనుండి 30 పండ్లకు గొలుసులు వేసిరి. ఇంజను 6 చుట్లు తిరిగిన వెనుక చక్రము ఒక చుట్టు తిరుగును. నిమిషమునకు 3600 చుట్లు తిరుగు ఇంజనుతో, 30 సెంటీమీటర్ల వ్యాసము గల చక్రము గంటకు సుమారు 34 కిలోమీటర్లు పోవునని బాలుడు పలకపై లెక్కకట్టెను.

అపుడతని మేనమామ కొడుకు వచ్చి, "గవర్నరును తీసివేయుము. బండి గాలివలె పోవును" అని ప్రోత్సహించెను. ఇంజను వేగము హద్దు మీరకుండ కాపాడు అమరికయే గవర్నరు. బాలుని మనసు ఊగెను. ఉస్తాద్ కోపపడలేదు, లెక్క అడిగెను. తిరుగు వేగము రెట్టింపైనచో భాగములపై పడు బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఒకటిన్నర రెట్లయినను బలము రెండు రెట్లకు మించును. కనెక్టింగు రాడ్డు విరిగిన ఇనుప తునకలు కాళ్ళ నడుమనే ఎగురును.

"బ్రేకునకును ఇదే లెక్క. వేగము రెట్టించిన ఆగు దూరము నాలుగింతలు. నీవు ఇంజనుకై పది దినములు తిరిగితివి. బ్రేకుకై ఎన్ని దినములు తిరిగితివి?"

బాలుడు తలవంచెను. గవర్నరు ఉండిపోయెను. 30 పండ్ల చక్రము పోయి 40 పండ్ల చక్రము వచ్చెను. వేగము గంటకు 25 కిలోమీటర్లకు తగ్గెను. మిగిలిన రూకలు రెండు చక్రముల బ్రేకులకు వ్యయమయ్యెను.

ఇంతలో తండ్రికి సంగతి తెలిసెను. ఆయన బండిని చుట్టి చూచి, వెల్డింగు అతుకులను తడిమి, మెచ్చుకొనెను. పిదప మెల్లగా ఇట్లనెను: "దీనిని రోడ్డుమీదికి తేరాదు, నాయనా! 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 25 సి.సి. మించిన ఇంజను గల బండికి రిజిస్ట్రేషను కావలెను. 50 సి.సి. మించని మోటారుసైకిలును నడుపుటకు పదునారేండ్లు, అంతకు మించినదానికి పదునెనిమిదేండ్లు నిండి, లైసెన్సు ఉండవలెను. నీకు పదునాలుగే. ఆ రహదారిపై లారీలకు నీవు కనబడవు కూడను."

బాలుడు రెండు దినములు ఎవరితోను మాటాడలేదు. ఏ బడికై అంత పాటు పడెనో ఆ బడికి బండి పోదు. మూడవ దినమున అతడు బండిని చేనికి నెట్టుకొనిపోయెను. శిరస్త్రాణము ధరించి, గట్లనడుమ చదునైన బాటపై నడిపి, బ్రేకు నొక్కిన చోటినుండి ఆగిన చోటివరకు టేపుతో కొలిచి, నోటు పుస్తకములో వ్రాసికొనెను. ఉస్తాద్ చెప్పిన లెక్క నేలమీద కనిపించెను.

నేడును అతడు బడికి నడిచియే పోవుచున్నాడు. సెలవు దినములలో బావినుండి కొట్టమువరకు కూరగాయల గంపలను ఆ బండి మోయుచున్నది. ఇరుగుపొరుగు రైతులు చెడిన పంపులను అతనియొద్దకు తెచ్చుచున్నారు. అతడు మొట్టమొదట ఇంజనును చేతితో త్రిప్పి చూచును. ఆమీదటనే పానా పట్టును.