మా అత్త లంద కుండ

ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, రెండు చెంచాల పంచదార, ఒక చెంచా ఈస్టు వేసి, సీసా మూతికి బెలూను తొడిగాను. పీరియడు అయ్యేలోపు బెలూను మెల్లగా లేచి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "పంచదారని ఈస్టు తింటుంది. అప్పుడు కార్బన్ డై ఆక్సైడు, ఆల్కహాలు తయారవుతాయి. ఆ గాలే బెలూనుని ఉబ్బించింది. బ్రెడ్డు పొంగేది కూడా ఇందుకే" అని చెప్పాను.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సారూ, మా ఇంట్లో లంద కుండ కూడా ఇట్టాగే బుసబుసమంటది. అదీ ఇదేనా?"

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "క్లాసులో తాగుడు మాటలేంటి, కూర్చో" అన్నాను. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. గంట కొట్టారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. నేను చెప్పిన పాఠాన్ని తన ఇంటిదాకా తీసుకెళ్ళి చూసుకుంది. ఏ టీచరుకైనా అంతకంటే ఏం కావాలి? అయినా కసిరాను. ఎందుకు కసిరానో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట నేను ఒక లంద కుండని కాలితో తన్ని పగలగొట్టాను.

మాది శబరి ఒడ్డున, చింతూరు పక్క కోయ పల్లె. 2014లో మా మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మారాయి. రాష్ట్రం మారినా ఏరు మారలేదు. ఏరు దాటితే కుంట, అది ఛత్తీస్‌గఢ్. మా మేనత్తని అటువైపు ఇచ్చారు. అటూ ఇటూ బంధుత్వాలు, పండగలు, పాటలు అన్నీ ఒకటే. లంద కూడా అంతే. బియ్యం పిండితోనో చోళ్ళ పిండితోనో కుండలో పులియబెట్టే పానీయం అది. ఇప్ప సారాలాగా పొయ్యి మీద కాచి ఆవిరి పట్టేది కాదు. చిక్కగా, తెల్లగా, పుల్లగా ఉంటుంది. సగం తిండి, సగం తాగుడు.

మా అన్న మిరపకోతలకి పోయేవాడు. అక్కడ మేస్త్రి కూలి డబ్బుల్లో కొంత చేతికిచ్చి, కొంత దుకాణం సీసాల కింద కోసుకునేవాడు. మూడు నాలుగేళ్ళలో అన్న కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆస్పత్రిలో లివరు పోయిందన్నారు. ముప్పై రెండేళ్ళకే పోయాడు. దినాల రోజు మా అత్త ఏరు దాటి, నెత్తి మీద లంద కుండ పెట్టుకుని వచ్చింది. చచ్చిపోయినవాడికీ, పెద్దలకీ ఆకు దొప్పలో కాస్త పోయాలి, అది మా ఆచారం. నేను అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. "వాడిని చంపింది ఇదే. మళ్ళీ ఇదే పోస్తావా?" అని అరిచి కుండని తన్నాను. వాకిలంతా తెల్లగా పారింది. అత్త ఒక్క మాట అనలేదు. పెంకులన్నీ ఏరి, చీర కొంగులో మూటగట్టుకుని పోయింది.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో కనపడితే "బాగున్నావా అల్లుడూ" అనేది. "బాగున్నా" అనేవాణ్ణి. అంతే.

క్లాసులో ఆ సంగతి జరిగిన వారానికి, ఆదివారం పొద్దున్నే ఏరు దాటి అత్త ఇంటికి పోయాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. "అత్తా, లంద ఎట్టా పెడతారో నాకు నేర్పు. పిల్లలకి చెప్పాలి" అన్నాను. అత్త నా మొహం వైపు కాసేపు చూసింది. "ముందు మొలక కట్టాలి. ఇయ్యాలే అయ్యే పని కాదు. పై ఆదివారం రా" అంది.

అలా మూడు నాలుగు వారాలు తిరిగాను. నేర్చుకున్నది రాస్తున్నాను. ఇది అత్తలాంటి వాళ్ళ చేతుల్లో ఉంది.

మొక్కజొన్నల్నో చోళ్ళనో ఒక రాత్రి నానబెట్టాలి. నీళ్ళు వంచేసి బుట్టలో పోసి, పైన టేకాకులు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించాలి. మూడు నాలుగు రోజుల్లో మొలక గోరంత పొడుగు వస్తుంది. అప్పుడు ఎండబెట్టి దంచి పిండి చేయాలి. ఇంకోపక్క బియ్యం నూకలు నానబోసి, దంచి, ఆ తడి పిండిని ఆవిరి మీద ఉడికించాలి. అడుగు కుండలో నీళ్ళు, దాని మీద చిల్లుల కుండ, రెండింటి సందు తడి మట్టితో మూసేస్తారు. ఉడికిన పిండిని పెద్ద కుండలో నీళ్ళతో కలిపి, చల్లారాక మొలక పిండి కలపాలి. నాలుగు మానికల బియ్యప్పిండికి ఒక తవ్వ మొలక పిండి. మూతికి ఆకు కట్టి పొయ్యి పక్కన ఉంచాలి. ఎండాకాలం రెండు మూడు రోజులు, చలికాలం ఐదారు రోజులు. అయిందంటే అయింది.

మొదటిసారి నా చేత్తో పెట్టిన కుండ చెడిపోయింది. ఉడికిన పిండి ఇంకా పొగలు కక్కుతుండగానే మొలక పిండి కలిపేశాను. మూడో రోజు మూత తీస్తే తీపి లేదు, బుస లేదు. గంజిలాగా ఉండి మురుగు వాసన వేసింది. అత్త నవ్వింది. "పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి పెట్టి చూడవా? అంత వేడి ఉండాలి. మొలకకి పేణం ఉంటది అల్లుడూ, చంపేశావు" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అది అక్షరాలా నిజం. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో అమైలేజు అనే ఎంజైము తయారవుతుంది. పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చేది అదే. ఈస్టుకి పిండి పదార్థం తినడం రాదు, చక్కెర కావాలి. అందుకని ముందు మొలక పని చేయాలి, తర్వాత ఈస్టు పని చేయాలి. మరీ వేడి తగిలితే ఎంజైము పాడైపోతుంది, మొలక పిండి ఉత్త పిండి అయిపోతుంది. అత్తకి అమైలేజు పేరు తెలియదు, దాని పని మాత్రం తెలుసు. ఈస్టు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, "ఈ కుండని సబ్బుతో తోమకూడదు, నీళ్ళతో కడిగి బోర్లించాలి" అంది. పాత కుండ మట్టి సందుల్లో అది బతికే ఉంటుందన్నమాట.

బీరు చేసే పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో జరిగేది కూడా ఇదే. అక్కడ బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేడి నీళ్ళలో కలిపి చక్కెర దింపుతారు. తర్వాత ఈస్టు వేస్తారు. అలా మొలకెత్తించి ఆరబెట్టిన గింజనే మాల్టు అంటారు. మా అత్త బుట్టలో టేకాకుల కింద ఉన్నది మాల్టే. నాగాలు మొలకెత్తిన వడ్లతో జుథో చేసుకుంటారు. జార్ఖండ్, ఒడిశా ఆదివాసులు మూలికలు కలిపిన రాను బిళ్ళలతో హండియా పెడతారు. అస్సాంలో దిమాసాల జుడిమాకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకి అవమానంగా తోచిన కుండ ఇంకోచోట ఒక జాతి సంపదగా నమోదైంది.

రెండో కుండ కుదిరింది. అత్త నేల మీద మూడు చుక్కలు వదిలి, అడ్డాకు దొప్పలో నాకు పోసింది. అప్పుడు అడిగాను. "అత్తా, ఆ రోజు నువ్వేమీ అనలేదే?"

"ఏమంటాను? నీ అన్న చచ్చాడు, నువ్వు ఏడవలేక తన్నావు" అంది. కాసేపటికి మళ్ళీ, "నా కుండ నాలుగు రోజులు దాటితే పులిసి పారబోసుకోవాల్సిందే. దాచలేను, మోసుకెళ్ళి అమ్మలేను. ఇంట్లో గింజలుంటేనే పెడతాను, లేకపోతే లేదు. మీ దుకాణం సీసా అట్టా కాదు. ఏడాదైనా పులవదు. గింజలు లేకపోయినా దొరుకుద్ది, అప్పుకి కూడా దొరుకుద్ది. నీ అన్నకి అడ్డం చెప్పేది ఏముంది దాంట్లో?"

ఇన్నేళ్ళు నేను చదివినవాటిలో ఈ మాట ఎక్కడా దొరకలేదు. అత్త కుండకి దాని హద్దు దానిలోనే ఉంది. గింజ ఎంతో కుండ అంత. కుండ ఎంతో పండగ అంత. మూడు నాలుగు రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళంతా కలిసి తాగేయాలి, ఒక్కడే తాగలేడు. దుకాణంలో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. లందలో ఉండేది చాలా తక్కువ. కడుపు నిండిపోతుంది, ఆపేయాల్సి వస్తుంది.

ఈ తేడా సర్కార్లకి తెలియక కాదు. 1879లో రంప కొండల్లో లేచిన తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం కల్లు. మనవాళ్ళు ఇంటి కోసం కల్లు గీసుకోవడాన్ని అడ్డుకుని, ఆ హక్కుని మద్రాసు ప్రభుత్వం గుత్తేదార్లకి ఇచ్చింది. గుత్తేదార్లు చిగురు పన్ను అడిగారు, మన్సబుదారు తన వాటా తాను అడిగాడు. చెట్టు మనది, గీత మనది, పన్ను వాళ్ళది. 1975లో కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానం మీద రాష్ట్రాలకి మార్గదర్శకాలు పంపింది. మద్యం వ్యాపారం ఆపాలి, ఇంటికీ పూజకీ చేసుకునే సంప్రదాయ పానీయాన్ని ఉండనివ్వాలి అన్నది దాని సారం. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపు చేసే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఇచ్చింది. అంటే ఊళ్ళో సీసా అమ్మాలా వద్దా అని అడిగే నోరు మనకి ఉంది. ఆ నోరు వాడుతున్నామా అన్నది మనం మనల్నే అడగాలి.

నేను లందని పొగడటానికి ఇది రాయడం లేదు. అది కూడా మత్తే. తిండికి దాచిన గింజలు కుండలోకి పోయి, ఆషాఢంలో పస్తులున్న ఇళ్ళు నేను చూశాను. పసిపిల్లలకి ఆకలి ఆపడానికి లంద పట్టించే తల్లులు ఉన్నారు, అది తప్పని గట్టిగా చెప్పాలి. లందతో మొదలై సీసాకి పోయినవాళ్ళూ ఉన్నారు, మా అన్న అలాంటివాడే. కుండ అమాయకమైందని నేను అనను. కానీ రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, ఒకటి మన సిగ్గు, ఇంకొకటి సర్కారు ఆదాయం అంటే ఒప్పుకోను.

సోమవారం క్లాసుకి పోయి ఆ అమ్మాయిని లేపాను. "ఆ రోజు నువ్వు అడిగింది సరైన ప్రశ్న. నేను కసరడం తప్పు. అవును, లంద కుండలో జరిగేదీ ఇదే" అన్నాను. బోర్డు మీద మొలక నుంచి చక్కెర, చక్కెర నుంచి ఆల్కహాలు అని గీతలు గీశాను. మొలక ఎట్టా కడతారో పిల్లలే చెప్పారు. టేకాకు కాదు, మా ఇంట్లో మోదుగాకు కప్పుతారు అని ఒకడు. మా అమ్మ చోళ్ళే వాడుద్ది అని ఇంకొకడు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ఆ రోజు మాట్లాడారు. తాగమని చెప్పడం లేదు, మీ వయసుకి అది విషమే, మీ ఇంట్లో ఉన్న చదువుని గుర్తుపట్టమంటున్నాను అని కూడా చెప్పాను.

అంతా అయ్యాక ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తింది. "సారూ, మా నాన్న చింతూరు నుంచి తెచ్చుకునేది కూడా ఇదేనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "కాదమ్మా, అది వేరు" అన్నాను. మా అన్న సంగతి మొదటిసారి క్లాసులో చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా వింది. సాయంత్రం స్టాఫు రూం దగ్గరికి వచ్చి, "గ్రామసభలో చెబితే నిజంగా దుకాణం ఆపొచ్చా సార్?" అని అడిగింది. పెసా గురించి నాకు తెలిసినంత ఒక కాగితం మీద రాసిచ్చాను. మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఈ ఏడాది మా అన్న దినం నాడు అత్త మళ్ళీ ఏరు దాటి వచ్చింది. కుండని నా చేతికి ఇచ్చింది. దొప్పలో పోసి అన్న పేరు చెప్పి నేల మీద వదిలాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. మిగిలింది చుట్టాలు తాగారు. సాయంత్రానికి కుండ ఖాళీ. నీళ్ళతో కడిగి, అరుగు మీద బోర్లించి ఇచ్చాను.