గోదావరి యొడ్డా? మానేటి గట్టా?

మా కోరుట్ల ప్రాంతమున సెలవు అనగా బడిపిల్లల సెలవు కాదు. గల్ఫు దేశములకు పోయిన మగవారికి రెండేండ్ల కొకసారి దొరకు నెల దినముల సెలవు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల చుట్టునున్న పల్లెలలో దుబాయికో, మస్కటుకో, సౌదీకో ఒకరినైనను పంపని వాడ అరుదు. ఆ ముప్పది దినములలో ఇంటికప్పు బాగుచేయించుట, భూమి కాగితములు, బ్యాంకి పని, మేనత్త కూతురి పెండ్లి, అన్నియు తీరవలెను. అవి తీరగా మిగిలిన రెండు మూడు దినములు భార్యాబిడ్డలవి. వానిని ఎక్కడ గడపవలెనను చింత మాత్రము ఎల్లప్పుడును ఇంటి ఇల్లాలిదే. నిరుడు కార్తికమాసమున ఆ చింత నాకు వచ్చినది. నావంటి సోదరీమణులకు ఉపయోగపడునేమో యని, నేను ఆలోచించిన తీరును, పొరబడిన తీరును వ్రాయుచున్నాను.

మా పదేండ్ల అమ్మాయి సముద్రము కావలెనని పట్టుపట్టినది. అది సముద్రమును టెలిఫోనులోనే చూచినది. మా యూరినుండి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరమునకు 400 కిలోమీటర్లకు పైచిలుకు. పోనురాను ప్రయాణమునకే రెండు దినములు చెల్లును. మా అత్తగారి మోకాళ్ళు అంతదూరము కూర్చుండనీయవు. ఇక మా వారి మాట వినుడు: "రెండేండ్లు సముద్రం పక్కన్నే పన్జేసిన. మళ్ళ పైసలు పెట్టి దాన్నే చూసుడెందుకు?" ఆ మాటతో సముద్రము సంగతి ముగిసినది. అమ్మాయి రెండుపూటలు అలిగి, మూడవపూట, "పోనీ, ఇసుకయు నీళ్ళును ఉన్నచోటికైనను పోదము" అని దిగివచ్చినది.

ఇసుకయు నీళ్ళును ఉన్నచోట్లు మాకు రెండు తోచినవి. ఒకటి జగిత్యాల జిల్లాలోని ధర్మపురి, గోదావరి యొడ్డు. రెండవది వేములవాడ సిరిసిల్లల నడుమ మానేటిపై కట్టిన మధ్యమానేరు జలాశయపు గట్టు. మా యూరినుండి రెండును ఇంచుమించు 50 కిలోమీటర్లే. ధర్మపురికి నిజామాబాదు నుండి వచ్చు పెద్దరోడ్డు జగిత్యాల మీదుగా తిన్నగా పోవును. వేములవాడకు కథలాపురము, చందుర్తి దారి. నా చేతిలో బీడీలు చుట్టి కూడబెట్టిన 6,000 రూపాయలున్నవి. ఆ సొమ్ము నాదగుటచే ఎంపికయు నాదే యని మా వారు నవ్వుచు ఒప్పుకొనిరి.

మొదట ధర్మపురి మాట. గోదావరి మన దేశమున పడమటినుండి తూర్పునకు పారు నది గదా, ధర్మపురియొద్ద కొంతమేర దక్షిణముగా తిరుగును. అందుచే దక్షిణవాహిని యని పేరుపెట్టి స్నానమునకు విశేషము చెప్పుదురు. ఒడ్డునుండి కొలది నిముషముల నడకలో లక్ష్మీనరసింహస్వామి కోవెల. ఆ ప్రాంగణములోనే యమధర్మరాజునకును గుడి కలదు. యముని మ్రొక్కు గుళ్ళు మన దేశమున వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అచ్చటి గండదీపములో నూనె పోసి, ఇంటివారి గండములు తొలగవలెనని ఆడువారు నిలువుకాళ్ళపై మ్రొక్కుచుందురు. పరదేశమున నిచ్చెనలెక్కి పనిచేయువాని భార్య ఆ దీపమునెదుట ఏమని తలచుకొనునో నేను వేరుగ వ్రాయనక్కరలేదు. నరసింహశతకము చెప్పిన శేషప్పకవి ఈ యూరివాడే. మా అత్తగారు అక్షరములు రాకపోయినను అందులోని పద్యములు నాలుగైదు తప్పులేకుండ చదువును. కోనేటిలో ఫాల్గుణమాసపు ఉత్సవములయందు తెప్పోత్సవము జరుగును. పుష్కరములలో, కడపటిసారి 2015 జూలైలో, ఆ రేవులలో కాలుపెట్ట సందులేకపోయినది. ఉత్సవములు లేని మామూలు దినములలో మాత్రము సత్రములో గది సుళువుగ దొరకును.

అయితే ఒక మాట దాచరాదు. ధర్మపురి గోదావరి సంవత్సరము పొడవున గోదావరివలె ఉండదు. ఎగువను పోచంపాటియొద్ద శ్రీరాంసాగరమునకు 1963లో నెహ్రూగారు పునాదిరాయి వేసిరి. ఆ కట్ట వచ్చిన తరువాత మా పొలములు పచ్చబడినవి. కాలువ నీటి యన్నమే మేము తినుచున్నాము. కాని నీరు పైననే నిలువయగుటచే, వేసవిలో ధర్మపురి రేవున సన్నపాటి ధార యొకటి ఇసుకలో దారి వెదకుకొనుచు పోవును. చైత్రమున పోయిన చుట్టములు మోకాలిలోతు కొరకు ఒడ్డునుండి ఎంతోదూరము ఎండలో నడచితిమని చెప్పిరి. వానకాలమున పైగేట్లు ఎత్తినచో ఉన్నట్లుండి వరద వచ్చును. అప్పుడు రేవులోనికి దిగుట ప్రాణాపాయము. ఆశ్వయుజము కడనుండి పుష్యమువరకును, వరద తగ్గి నీరు తేటపడి, ఇసుకతిన్నెలు బయలుపడిన కాలమే పిల్లలకు మేలు.

రెండవది మానేరు. వేములవాడ రాజన్న సంగతి తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. ధర్మగుండములో స్నానము, కోడెను గుడిచుట్టు త్రిప్పి కట్టు మ్రొక్కు, గుడి ఆవరణలోనే దర్గా, ఇవియన్నియు ఎరిగినవే. పూర్వము చాళుక్యులలో ఒక శాఖవారికి ఈ యూరు రాజధాని. కన్నడమున ఆదికవి యనబడు పంపడు 10వ శతాబ్దమున ఇచ్చటి అరికేసరి కొలువులోనివాడు. ఊరు గొప్పది. కాని విశ్రాంతికి మాత్రము కాదు. సోమవారములు వరుస కదలదు, శివరాత్రికిని, మేడారము జాతరకు ముందును చెప్పనే యక్కరలేదు. వరుసలో బిడ్డను ఎత్తుకొని నిలుచుట, గదికి వచ్చి బెల్లపన్నము వండుట, గిన్నెలు తోముట. మగవారికి అది యాత్ర, మనకు ఇంటిపనియే ఊరు మారినది.

నా దృష్టి గుడిమీద కాక నీటిమీదనే. వేములవాడను ఒరసి పారు మూలవాగు మానేటిలో కలయును. ఆ దిగువను మాన్వాడ యొద్ద కట్టిన కట్టయే మధ్యమానేరు. 25 గేట్లు, 25 టి.ఎం.సి.లకు పైబడిన నీరు. 2019 చివరకు అది నిండినది. గట్టుపై నిలిచిన ఆవలియొడ్డు కానరాదు. వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయుని గుడికి, నీరు నిండినపుడు పడవలో పోవుదురు. సముద్రమును అడిగిన పిల్లకు లంకయే దొరకినదని నేను మురిసితిని. ఫోనులో దాని చిత్రము చూపగానే అమ్మాయి ఎగిరి గంతులు వేసినది. అత్తగారికి రాజన్న కోడెమ్రొక్కు కూడ బాకీ యున్నది, కొడుకు మొదటిసారి విమానమెక్కిన నాటి మ్రొక్కు. ఒక్క దెబ్బకు రెండు పనులు. మానేరే యని నిశ్చయించి, సకినాలకు పిండి కూడ విసరించితిని.

అత్తగారు ఏమియు అనలేదు. బియ్యము చెరుగుచు చేట ఆపి మరల చెరిగినది, అంతే. ఆ రాత్రి మా వారు మెల్లగా చెప్పిరి: "అవ్వ పుట్టినూరు చీర్లవంచ. అది ఆ నీళ్లల్లనే ఉన్నది." నాకు తెలియనిది కాదు. చీర్లవంచ, చింతలఠాణా, కొదురుపాక, వరదవెల్లి మొదలగు ఊళ్ళు ఆ జలాశయము క్రింద మునిగినవనియు, వారికి ఎత్తుమీద క్రొత్త కాలనీలు వెలసినవనియు ఎరుగుదును. మేనమామలు క్రొత్త యింటికి మారినపుడు పసుపుకుంకుమ లిచ్చి వచ్చినదానను. అయినను జలాశయపు చిత్రము చూచి లంక, పడవ, అల యని మురియునపుడు ఆ తెలివి ఎక్కడికి పోయినదో! ఇంటిలో అందరికంటె తక్కువ మాటలాడువారిని ముందడుగక, కడపట అడుగుదుము. అదియే నా పొరబాటు.

మరునాడు ఆమె ప్రక్కన కూర్చుండి అడిగితిని. "అత్తమ్మా, నీకు అక్కడికి వచ్చుడు ఇష్టం లేకుంటే మానేద్దాం."

ఆమె కోపపడలేదు, కంటతడి పెట్టలేదు. "నీళ్ళు తగ్గినంక పోదాం బిడ్డా. గిప్పుడు నిండుగున్నది. గిప్పుడు పోతే నాకేం కానొస్తది?" అన్నది. ఎండాకాలము నీరు వెనుకకు పోయినపుడు ఊరి యెత్తుభాగము బయటపడునని, వాడవారు వెళ్ళి చూచి వచ్చుచుందురని చెప్పినది.

అంతవరకు నేను రెండు ఒడ్లలో ఏది యందమైనదని తూచుచుంటిని. తూచవలసినది కాలమని ఆమె మాటవలన తెలిసినది. గోదావరిని నీరున్నపుడు చూడవలెను, మానేటిని నీరు లేనపుడు చూడవలెను. కార్తికమునకు ధర్మపురి, వైశాఖమునకు మానేరు. కోడెమ్రొక్కు కూడ వైశాఖమునకే వాయిదా వేసితిమి. రాజన్న ఆరునెలలకు ఏమియు అనుకొనడని అత్తగారే తీర్పు చెప్పినది.

ధర్మపురిలో మూడు దినములుంటిమి. వండరాదని నేను ముందే ఒట్టుపెట్టుకొంటిని. సకినాలు, సర్వపిండి, పచ్చడి కట్టుకొని పోతిమి. మధ్యాహ్నము భోజనము బజారులోనే. అమ్మాయి ఇసుకలో బావి త్రవ్వి నీరు ఊరగానే సముద్రమని కేకలు వేసినది. మా వారు రేవుమెట్లపై పండుకొని పట్టపగలు నిద్రపోయిరి. రెండేండ్లలో పగటినిద్ర అదే మొదటిసారియట. సాయంకాలము రాయపట్నము వంతెనవరకు ఆటోలో పోయి, ఏటికి అడ్డముగా నిలిచి ప్రొద్దుక్రుంకుట చూచితిమి. నేను ఏమి చేసితినా? అరటిదొన్నెలో దీపము వదలితిని, గండదీపములో నూనె పోసితిని, మిగిలిన కాలమెల్ల ఊరక కూర్చుంటిని. ఊరక కూర్చుండుట మనకు అలవాటులేని పని. మొదటి దినము చేతులు ఆకులకై తడుముకొన్నవి.

పోవువారికి ఒక హెచ్చరిక. ఏటిలో ఇసుక తీసిన గోతులు నీటిక్రింద కానరావు. ఒడ్డున మోకాలిలోతు, రెండడుగుల అవతల నిలువులోతు. స్థానికులు స్నానముచేయు మెట్లవద్దనే దిగవలెను. పిల్లలను ఒక చేతితో పట్టుకొని రెండవచేతితో ఫొటో తీయరాదు.

మార్గశిరమున మా వారు వెళ్ళిపోయిరి. వైశాఖమున ఒక గురువారము, రద్దీ లేని దినము చూచుకొని, అత్తగారును నేనును అమ్మాయియు వేములవాడకు పోయి కోడెను కట్టి, అచ్చటినుండి సిరిసిల్ల దారిపట్టితిమి. సిరిసిల్లలో మరమగ్గముల మ్రోత దారిపొడవున వినవచ్చుచుండెను. 2017 మొదలు కొన్నియేండ్లు ప్రభుత్వము బతుకమ్మకు పంచిన చీరలలో పెక్కు ఇచ్చటివే. అక్కడ అత్తగారి తమ్ముడు మమ్ము కలిసికొని జలాశయపుటంచునకు తోడుకొనిపోయెను.

నీరు దూరముగా పోయినది. బీటలువారిన ఒండ్రుమట్టి, దానినడుమ మొండిగోడలు, ఆకులేని చింతమోడులు. అత్తగారు మోకాళ్ళ మాట మరచి చెప్పులు చేతపట్టుకొని నడచినది. ఒక గోడను చూచి బడి యన్నది, ఒక దిబ్బను చూచి పోచమ్మ గుడి యన్నది. తమ్ముడు కాదని మరియొక దిబ్బను చూపెను. ఇద్దరును చిన్నపిల్లలవలె వాదులాడిరి. బావి ఒర దొరకిన తరువాత వాదు తీరినది. అచ్చటినుండి ఎడమకు ఇరువది యడుగులు కొలిచి, "గిదే మా అర్ర" అని నిలిచినది. అక్కడ మట్టి తప్ప ఏమియు లేదు. అమ్మాయి ఆమె ఎదుట గొంతుకూర్చుండి, ధర్మపురిలో త్రవ్వినట్లే వ్రేళ్ళతో త్రవ్వనారంభించినది. అరచేయంత పెంకుముక్క యొకటి, ఎరుపు సున్నము అంటుకొన్నది, పైకి వచ్చినది. మా వారికి ఫోను కలిపి చూపితిమి. అక్కడ పని విడిచిన వేళ కాదు, హెల్మెటు తలపైననే యున్నది. "ఏందవ్వా అది?" అనిరి.

"మనింటి గూన," అన్నది అత్తగారు, దానిని కొంగుతో తుడుచుచు.