సెలవు లేని పని

2020వ సంవత్సరం మార్చి 25 ఉగాది పండుగ. శార్వరి నామ సంవత్సరం ఆ రోజున మొదలైంది. శార్వరి అంటే రాత్రి. సరిగ్గా ఆనాటి నుండే దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కరోనా అనే అంటువ్యాధి ఒకరి నుండి ఒకరికి సోకకుండా ఎక్కడివారు అక్కడే ఉండాలని ప్రభుత్వం ఆదేశించింది. మొదట 21 రోజులన్నారు. ఆ తరువాత మూడుసార్లు పొడిగించారు. అలా మే 31 వరకు, మొత్తం 68 రోజులు అది సాగింది.

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. వారిలో చాలామంది బ్రతుకుతెరువు కోసం తెలంగాణ పల్లెల నుండి వచ్చిన నేతపనివారి సంతతి. సోలాపూర్ దుప్పట్లకూ తువ్వాళ్ళకూ దేశమంతటా పేరుంది. నగరానికి తూర్పున ఉన్న పేటల్లో మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇళ్ళలో స్త్రీలు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. ఆ ఉగాదినాడు మగ్గాల చప్పుడు ఆగిపోయింది. బీడీ కార్ఖానాలూ మూతపడ్డాయి.

అక్కడి ఒక సందులో రెండు గదుల ఇల్లు. అందులో ఆరుగురు మనుషులు. తాత, నాయనమ్మ, తండ్రి, తల్లి, పదవ తరగతి చదివే కూతురు, ఏడవ తరగతి చదివే కొడుకు. పండుగనాడు పచ్చడికి చింతపండు, బెల్లం ఇంట్లో ఉన్నాయి. వేపపువ్వు సందు చివరి చెట్టుది. మామిడికాయ మాత్రం దొరకలేదు. “వగరు లేకుంటే ఏమాయె? ఈయేడు చేదు మస్తుగున్నది” అని నాయనమ్మ నవ్వింది.

మొదటి వారం సెలవుల్లాగే గడిచింది. పన్నెండు గంటల పాళీలు చేసి అలసిన తండ్రి పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్ళీ మొదలైతే తాత రెండు పూటలా టీవీ ముందు కూర్చున్నాడు. కూతురికి భూగోళం పరీక్ష ఒక్కటే మిగిలి ఉండగా దానిని వాయిదా వేశారు. కొన్నాళ్ళకు రద్దే చేశారు. కొడుకు పరీక్షలు లేకుండానే పై తరగతికి వెళ్ళాడు.

సెలవు దొరకనిది తల్లికే. ఇంతకుముందు ఉదయం డబ్బాలు కట్టి ముగ్గురిని పంపిస్తే మధ్యాహ్నం దాకా ఇల్లు కొంత తెరిపిగా ఉండేది. ఆ సమయంలోనే ఆమె బీడీలు చుట్టేది. ఇప్పుడు అందరూ ఇంట్లోనే ఉన్నారు. టీ ఒక్కొక్కరికి ఒక్కొక్క వేళకు కావాలి. బయటి నుండి తెచ్చిన కూరగాయలను ఉప్పునీళ్ళలో కడగాలి. సరుకులకు వెళ్ళివచ్చినవారి బట్టలు వెంటనే ఉతకాలి. కుళాయి నీళ్ళు కొన్ని రోజులకొకసారి వస్తాయి. వచ్చినప్పుడే డ్రమ్ములు నింపుకోవాలి. నీటి వాడకం మాత్రం రెట్టింపయింది.

చేతిలో డబ్బు ఆడడం లేదు. తండ్రి వారం పగారు ఆగింది. తల్లి బీడీల కూలి ఆగింది. మగ్గం యజమాని కొంత ఇచ్చాడు కాని అది తీర్చవలసిన అప్పు. రేషను కార్డు మీద ఏప్రిల్ నెల నుండి మనిషికి ఐదు కిలోల ధాన్యం, ఇంటికి ఒక కిలో పప్పు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. జనధన్ ఖాతా ఉన్న స్త్రీలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు జమచేశారు. అప్పు కాకుండా ఆ ఇంటికి వచ్చిన డబ్బు అదొక్కటే. అది తల్లి ఖాతాలోకే వచ్చింది.

తండ్రి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. రోజుకు ఎంత నేశాడో అందులో రాసుకొనేవాడు. తల్లికీ బీడీల లెక్క రాసే పుస్తకం ఒకటి ఉంది. మార్చి 24 తరువాత రెండింటిలోనూ పేజీలు ఖాళీగానే ఉన్నాయి. ఏమీ తోచని కూతురు ఒకనాడు తండ్రి పుస్తకం తీసింది. ఖాళీ పేజీలో తారీఖు వేసి, తెల్లవారినప్పటి నుండి తల్లి చేసిన పనులు వరుసగా రాసింది. వాకిలి ఊడ్చుట, నీళ్ళు పట్టుట, టీ ఐదుసార్లు, రొట్టెలు ఇరవై రెండు, అంట్లు మూడుసార్లు, తాతకు మందులు. రాత్రి తల్లి పడుకొనేసరికి పేజీ చాలలేదు. మరునాడూ అలాగే రాసింది. నాలుగు రోజులు రాసి, పుస్తకం ఎప్పటిచోటనే పెట్టింది.

కొన్నాళ్ళకు యజమాని ఇచ్చిన అప్పు రాసుకుందామని తండ్రి పుస్తకం తెరిచాడు. కూతురి చేతిరాత చూశాడు. చాలాసేపు చదివాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. మరునాడు కుళాయి వచ్చే వేళకు లేచి బిందెలు తానే పట్టాడు. సాయంత్రం పిండి ముందు కూర్చున్నాడు.

మగ్గం మీద పోగు తెగితే రెప్పపాటులో ముడివేసే చేతులవి. కాని జొన్నరొట్టె ఆ చేతులకు లొంగలేదు. అంచులు పగిలాయి, పెనం మీదికి వెళ్ళేలోపే రెండు ముక్కలైంది. కొడుకు పకపక నవ్వాడు. “పిండిల కాగిన నీళ్ళు పొయ్యాలె. అప్పుడే విరగదు” అని తల్లి చూపించింది. నాలుగో రోజుకు రొట్టె గుండ్రంగా కాకపోయినా విరగకుండా వచ్చింది.

కొడుకు అంట్లు తోమడానికి కూర్చుంటే నాయనమ్మకు మనసొప్పలేదు. “మగపిల్లగానితోని ఈ పని చేయిస్తరా? వాడకట్టు నవ్వుతది” అంది. అప్పుడు తాత టీవీ కట్టేసి ఇలా అన్నాడు: “చేతిమగ్గం ఇంట్ల ఉన్నప్పుడు నువ్వు కండెలు చుట్టకుంటే నా నేత నడిచేదా? చీరె నేను నేసిన్నని ఊరంతా అన్నరు. నువ్వు చుట్టిన కండెలు ఎవరన్న లెక్కపెట్టిన్రా? వాణ్ణి తోమనియ్యి.” నాయనమ్మ మారు పలకలేదు. కాసేపటికి తానే వెళ్ళి, గిన్నె అడుగున మాడు ఎలా పోతుందో మనుమడికి చూపించింది.

తాత చెప్పింది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశంలో ప్రజలు రోజులోని సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించేవారని అందులో తేలింది. పాల్గొనే పురుషులు అప్పట్లో వెచ్చించింది 97 నిమిషాలు. అంటే స్త్రీలది దాదాపు ఐదు గంటలు, పురుషులది గంటన్నర పైచిలుకు. ఆ పనిలో అసలు పాల్గొనే పురుషుల సంఖ్యే తక్కువ. పగారు ఉన్న పనికి పుస్తకం ఉంది, లెక్క ఉంది. పగారు లేని పనికి అవి లేవు. లెక్కలేని పనిని పనిగా ఎంచని అలవాటు మనలో పాతుకుపోయింది.

జూన్ తరువాత మగ్గాలు కొద్దికొద్దిగా తిరగసాగాయి. బీడీ ఆకు మళ్ళీ ఇంటికి వచ్చింది. తండ్రి పాళీలకు వెళ్ళడంతో సాయంత్రపు రొట్టెల పని తిరిగి తల్లి చేతికే చేరింది. అన్నీ నిలవలేదు కాని కొన్ని నిలిచాయి. ఎవరు తిన్న కంచం వారే కడుగుతారు. నీళ్ళు పట్టే వంతు తండ్రీకొడుకులది. తాత మందుల బాధ్యత మనుమరాలిది. ఆదివారం రొట్టెలు తండ్రి చేస్తాడు. ఆ వేళ తల్లి చాట పక్కన పెట్టి, పొరుగున ఉన్న మరాఠీ ఆమెతో గడప దగ్గర కాసేపు కూర్చుంటుంది.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని సామెత. ఇల్లు చక్కగా ఉంటే మెప్పు ఆమెదే. కాని ఆ మాట వెనుకనే బరువంతా కూడా ఆమెదే అన్న తీర్పు ఉంది. అరవై ఎనిమిది రోజులు ఒకే కప్పు కింద గడిపిన ఆ కుటుంబం సామెతను కొంచెం మార్చుకుంది. ఇంటిని చూసి ఇంటిల్లిపాదినీ చూడాలి.