డ్రైవరు లేని యంత్రం

“డ్రైవరు దొరకలేదని దిగులు పడుతున్నారట గదా సార్, బస్టాండుకు పోయి ఎవరినైనా పిలుచుకు రానా?” అని మా అటెండరు అమాయకంగా అడిగిన సాయంకాలం నాకిప్పటికీ జ్ఞాపకమే. నవ్వవలసిన మాటే గాని, నవ్వే స్థితిలో నేను లేను.

అది 2019వ సంవత్సరం. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులను కళాశాల తరఫున పరిశీలించి ఆమోదించవలసిన ఆఖరి రోజది. పద్నాలుగు దరఖాస్తులు మిగిలిపోయినవి. కళాశాల మొదటి మెట్టు. అక్కడ ఆగిన దరఖాస్తు పై అధికారుల కంట పడదు. పరీక్షల పని ఉన్నదన్న నెపంతో రేపు రేపని వాయిదా వేసినవాడిని నేనే. ఇంతలో పైకప్పులో ఎలుకలు ఇంటర్నెట్టు తీగను కొరికివేసినవి.

తీగ లేకుండా పనిచేసే ఒక యు.ఎస్.బి. అడాప్టరును అంతకు ముందురోజే తెనాలి నుంచి తెచ్చాను. బొటనవ్రేలి గోరంత వస్తువు. దానిని గుచ్చగానే రౌటరు నుంచి గాలిలో వచ్చే సంకేతాలు అందుతాయని నా నమ్మకం. గుచ్చాను. కంప్యూటరు ‘టింగు’మన్నది. అంతటితో సరి.

విద్యార్థి మిత్రులలో కొందరికి ఇది తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు. యు.ఎస్.బి. ప్రమాణం 1996లో వచ్చింది. ఆ రంధ్రంలో ఏ పరికరాన్ని గుచ్చినా, ‘నీవెవరవు?’ అని కంప్యూటరు అడుగుతుంది, పరికరం జవాబిస్తుంది. అయితే ఆ పరిచయం వేరు, పని చేయించుకోవటం వేరు. లోపలి చిప్పుకు తనదైన భాష ఒకటి ఉంటుంది. ఆ భాషా, కంప్యూటరు భాషా రెండూ ఎరిగిన దుభాషియే డ్రైవరు. ఉర్దూ, తెలుగు పక్కపక్కన నడిచే మన కళాశాలలో దుభాషి విలువ వేరే చెప్పనక్కరలేదు గదా!

ఆ దుభాషిని ఒక చిన్న సి.డి.లో పెట్టి డబ్బాలో ఇచ్చారు. మా కంప్యూటరులో సి.డి. పెట్టే అర పాడయి రెండేళ్లు. అందులో ఉన్నది విండోస్ 7. ఈ చిప్పు డ్రైవరు దానిలో ముందుగా లేదు. డ్రైవరు కావాలంటే ఇంటర్నెట్టు కావాలి, ఇంటర్నెట్టు కావాలంటే డ్రైవరు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్లయింది. జి.బి.సి. రోడ్డులో ఏ నెట్ సెంటరుకో పోరాదా అని మీరడగవచ్చు. కళాశాల సంకేతపదాన్ని పరాయి యంత్రం మీద కొట్టరాదని మాకు కట్టుబాటు, సబబైన కట్టుబాటే.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. డబ్బా మీది పేరును బట్టి ఫోనులో ఒక డ్రైవరు దించి, కేబులుతో కంప్యూటరులోకి ఎక్కించాను. పనిచేయలేదు. మరొకటి తెచ్చాను, అది 32 బిట్లది, మాది 64 బిట్ల విండోస్. దానిని యంత్రం దగ్గరికే రానీయలేదు. నిడుబ్రోలు స్టేషను వైపునుంచి రైళ్లు కూతవేసి పోతున్నవి, నా గుండె దడదడలాడుతున్నది.

అప్పుడు రెండవ సంవత్సరం బి.యస్.సి. చదివే కుర్రవాడు, తన దరఖాస్తు ఏమైనదోనని వచ్చినవాడు, మెల్లగా అన్నాడు: “డబ్బా మీది పేరు నమ్మకండి సార్. ఒకే పేరుతో అమ్ముతూ లోపల చిప్పు మార్చేస్తుంటారు. దాన్నే అడుగుదాం.”

డివైస్ మేనేజరు తెరిచాడు. పసుపుపచ్చ గుర్తుతో నిలిచిన పరికరం వివరాలలో హార్డ్‌వేర్ ఐడీ అన్నచోట రెండు సంఖ్యలున్నవి: 0బీడీఏ, 8179. మొదటిది చిప్పు తయారుచేసిన రియల్‌టెక్ సంస్థ గుర్తు, రెండవది ఆ చిప్పు గుర్తు. గుచ్చిన క్షణంలోనే అది తన ఊరూ పేరూ చెప్పుకున్నది, నేనే వినలేదు. ఆ సంఖ్యలతో వెదికితే సరియైన డ్రైవరు పది నిమిషాలలో దొరికింది. అడాప్టరు మీది చిన్న దీపం మినుకుమన్నది. (చాలా ఫోనులను కేబులుతో తగిలించి నేరుగా ఇంటర్నెట్టే ఇప్పించవచ్చునట. ఆ రాత్రి మా ఇద్దరికీ తోచలేదు!)

పదమూడు దరఖాస్తులు చకచక సాగినవి. పద్నాలుగవది నేనే పక్కన పెట్టినది. తల్లి మిషను కుట్టి చదివిస్తున్న ఒక పిల్లది. పదవ తరగతి ధ్రువపత్రంలో ‘షేక్’ అన్న ఇంటిపేరు ఇంగ్లీషులో చివర ‘హెచ్’తో ఉన్నది, ఆధార్‌లో ‘హెచ్’ లేదు. లోపమున్నదని తిప్పి పంపాలని వారం క్రిందటే నిశ్చయించుకున్నాను. ఆఖరి రాత్రి తిప్పి పంపితే దిద్దుకునే వ్యవధి ఎక్కడ? మా ఇంటిలోనే ఆ పేరు మూడు రకాలుగా ఉన్నది!

పుట్టిన తేదీ చూశాను. తండ్రి పేరు, హాల్ టిక్కెట్టు సంఖ్య, బ్యాంకు ఖాతా ఒక్కొక్కటే సరిచూశాను. అన్నీ ఆ పిల్లవే. పదకొండు దాటిన తరువాత ఆమోదం మీట నొక్కాను. కుర్రవాడు పక్కనే కుర్చీలో నిద్రపోయాడు.

మరునాడు ఒక కాగితం ముక్క మీద ఆ రెండు సంఖ్యలూ వ్రాసి కంప్యూటరు పెట్టెకు అంటించాను. “డ్రైవరు దొరికాడా సార్?” అని అటెండరు అడిగాడు.