పత్తి ప్యాకెట్టు, క్యాన్సర్ బిళ్ళ

గులాబీ పురుగు గురించి రాస్తానన్నాను గానీ ఈ వారం మనసు అటు పోవడం లేదు.

మా అన్నయ్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొన్న డాక్టరు గారు పాత ఇంజెక్షన్లు ఆపి, కొత్తగా వచ్చిన బిళ్ళ రాశారు. రోజుకొకటి. నెలకి లక్షా పది వేలు. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే, ఈ మందు అందులో రాదండీ అంది కౌంటర్లో అమ్మాయి. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. వదిన చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. వాళ్ళకున్నది ఎకరంన్నర. అమ్మితే ఎన్ని నెలల బిళ్ళలొస్తాయో బస్సులో లెక్క వేస్తూనే వచ్చాను.

తయారీకే అంత అవుతుందేమో అనుకుంటాం. సొరాఫెనిబ్ అనే కాలేయం, కిడ్నీ క్యాన్సర్ మందు సంగతి చూడండి. అప్పట్లో పేటెంటున్న బేయర్ కంపెనీ ధర నెలకి దాదాపు 2,80,000 ఉండేది. పేటెంటు చట్టం 84వ సెక్షన్ కింద మన హైదరాబాద్ నాట్కో వాళ్ళు మేం చేస్తామని దరఖాస్తు పెట్టారు. 2012 మార్చిలో పేటెంటు ఆఫీసు సరేనంది. నెలకి సరిపడా 120 బిళ్ళలు 8,880 దాటకూడదు, అమ్మకంలో 6 శాతం బేయర్‌కి రాయల్టీ ఇవ్వాలి అంది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఆ లైసెన్సు నిలిచింది. దేశంలో అదే మొదటిది. తర్వాత వేరే మందులకి ఇంకో రెండు కంపెనీలు అడిగితే ఇవ్వలేదు.

కనిపెట్టడానికి ఖర్చవదా నాన్నా అన్నాడు మావాడు. అవుతుంది. రాయల్టీ అందుకేగా!

మన పత్తి రైతులకి ఇది తెలియంది కాదు. బీటీ ప్యాకెట్టు 1,600 పైన పెట్టి కొన్నాం. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా నిలబడి కమిషన్ దాకా వెళ్ళాక 750కి దిగింది. విత్తనాలు అమ్మడం ఏమీ ఆగలేదు. మరి బిళ్ళ దగ్గర ఎందుకు అడగరు? కార్డు మీద లక్షలు పెంచామంటారు, సంతోషమే. రేటు మాట ఎత్తకుండా పెంచితే ఆ డబ్బు ఎటు పోతుందో మనకి తెలుసు.

నిన్న అన్నయ్య చేనుకొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "పొలం అమ్మే మాట ఎత్తొద్దురా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

సోమవారం మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కొన్ని మందులకి కంపెనీలే తక్కువకి ఇచ్చే పథకాలు ఉంటాయంటున్నారు. మీలో ఎవరైనా అలా తీసుకుని ఉంటే ఎవరిని కలవాలో, ఏ కాగితాలు అడుగుతారో కింద రాయండి. ఆదివారం లోపు.