విశాఖలో తాతయ్య

మా ఇంట్లో అందరం కలిసి ఊరు దాటడమంటే పెళ్ళికో, చావుకో తప్ప జరగదు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మిత్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకరు కదిలితే గేదె పాలు తీసేవాళ్ళుండరు, ఇద్దరు కదిలితే చేనికి నీళ్ళు కట్టేవాళ్ళుండరు. అటువంటిది 2025 సంక్రాంతికి తెనాలి దగ్గరి మా పల్లె నుంచి నాలుగు తరాల వాళ్ళం ఏడుగురం విశాఖపట్నం వెళ్తున్నామంటే మా వీధివాళ్ళే నమ్మలేదు.

దీనికంతకూ కారకురాలు నాయనమ్మ. సింహాద్రి అప్పన్నకు ఎప్పుడో మొక్కుకుందట. ఏం మొక్కో అడిగితే చెప్పదు. నూర్పిళ్ళు అయిపోయాయి, మినుము మొలిచింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గనుక ఆ మర్నాడు, జనవరి 16న, గేదెను పక్కింటివాళ్ళకు అప్పగించి తెల్లవారుజామునే బయల్దేరి విజయవాడలో రత్నాచల్ ఎక్కాం. తాతయ్య, నాయనమ్మ, నాన్న, అమ్మ, అక్క, అక్క కొడుకు నాలుగేళ్ళ చంటిగాడు, నేను. గోదావరి మీద నాయనమ్మ రూపాయి బిళ్ళ విసిరింది. అది బ్రిడ్జి కమ్మీకి తగిలి ఎటు పడిందో తెలియక తుని దాకా బాధపడింది. అరిసెల డబ్బా మాత్రం అంతకు ముందే ఖాళీ అయింది.

సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్ళాం. మా ఇంట్లో సముద్రాన్ని చూసి కవిత్వం చెప్పేవాళ్ళెవరూ లేరు. నాన్న దోసెడు నీళ్ళు తీసి నాలుకకు తాకించుకుని ఉమ్మేసి, "ఎన్ని నీళ్ళు! ఒక్క చెంబుడు పైరుకు పనికిరావు గదా" అన్నారు. నేను సైన్సు విద్యార్థిని గనుక ఊరుకోలేక, కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయని చెప్పాను. "కాలవ చివరి భూముల వాళ్ళనడుగు, నాలుకతోనే చెబుతారు ఆ లెక్క" అన్నాడు తాతయ్య. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, చీకటి పడేదాకా అలల్లోనే నిలబడింది. అమ్మ పని లేకుండా అంతసేపు నిలబడగా నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున సింహాచలం. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం ఒక్క అక్షయ తృతీయ నాడే. "అయితే మనం చూసింది గంధాన్నేనా?" అన్నాడు చంటిగాడు. నాయనమ్మ వాడి నోరు మూసింది.

ఆ సాయంత్రం బీచి ఒడ్డున నిలిపిన కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. 2002 నుంచి ప్రదర్శనశాల. తొంభై మీటర్ల పైచిలుకు పొడుగు, లోపల మాత్రం మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు. ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. తాతయ్య పంచె ఎగగట్టి మా అందరికంటే ముందు దూరాడు. తొట్లలోకి నీళ్ళు నింపితే ఎందుకు మునుగుతుందో, గాలితో నీళ్ళు తోస్తే ఎందుకు తేలుతుందో నేను ఆర్కిమెడీస్ నుంచి మొదలుపెట్టి వివరిస్తుంటే అక్క నా చెవి దగ్గరకొచ్చి, "ఇదంతా పరీక్షలో రాసుంటే బాగుండేది" అంది. నేను గప్‌చిప్‌గా నడిచాను. రెండో ఏడు భౌతికశాస్త్రం పేపరు నేను తప్పిన సంగతి ఇంట్లో అక్కకొక్కదానికే తెలుసు.

18వ తేదీ ఉదయం టీ కొట్టు దగ్గర తాతయ్య పేపరు చదువుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి కేంద్రం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించిన వార్త అది. ఆ రోజు కైలాసగిరి, ఎర్రమట్టి దిబ్బలు చూడాలని అనుకున్నాం.

"మీరు వెళ్ళిరండి. నేను ఉక్కు ఫ్యాక్టరీ చూసొస్తా" అన్నాడు.

"అక్కడేం చూస్తావు నాన్నా, లోపలికి రానియ్యరు" అన్నారు మా నాన్న.

"బయటి నుంచే చూస్తాలేరా."

"ఈ ముసలితనంలో ఇనుమెందుకయ్యా నీకు?" అంది నాయనమ్మ. చివరికి తోడుగా నన్ను పంపారు. నాకు ఎర్రమట్టి దిబ్బలు పోయాయన్న కోపం లేకపోలేదు.

గాజువాక వైపు సిటీ బస్సులో, కిటికీలోకి చూస్తూనే చెప్పాడు తాతయ్య. 1966లో ఆయన తెనాలిలో పి.యు.సి. అక్టోబరులో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ కాలేజీలన్నీ కదిలాయి. తాతయ్యా ఊరేగింపుల్లో తిరిగాడు. ఒకనాడు ఎడమ భుజం మీద లాఠీ పడింది. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. ఆ కబురు వినగానే ముత్తాత తెనాలి వచ్చి, కొడుకు పెట్టె సర్దించి బండెక్కించాడు. "నువ్వు బతికుంటే చాలు, అరక పట్టు" అన్నాడట. తాతయ్య మళ్ళీ కాలేజీ మెట్టెక్కలేదు.

"మరి నువ్వు పి.యు.సి. తప్పావని గదా నాన్న అంటారు?"

"రాస్తే గదరా తప్పటానికి."

యాభై ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఎందుకు దిద్దలేదని అడిగాను. "మా నాయన నా చదువు మాన్పించాడని చెప్పుకోవాలి. దానికంటే తప్పాననుకుంటేనే నయం" అన్నాడు.

కూర్మన్నపాలెం కూడలిలో దిగాం. 2021లో కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలన్న నిర్ణయం వచ్చినప్పుడు కార్మికులు దీక్షలకు దిగింది ఇక్కడే. గేటు దగ్గరి కాపలా మనిషి "ఏం పని పెద్దాయనా?" అన్నాడు. "పనేం లేదు బాబూ, చూద్దామని" అన్నాడు తాతయ్య. అక్కడి నుంచి కనబడేది చెట్లూ, రోడ్డూ మాత్రమే. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం, లోపలి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నాకు తెలిసినవి చెప్పాను. కృష్ణ అనగానే ముఖం విప్పారింది. "మన కాలవ పేరే" అన్నాడు. కాసేపటికి, "ఇంత భూమి ఎవరిదిరా?" అని అడిగాడు.

"రైతులదే తాతయ్యా. చాలా ఊళ్ళు ఖాళీ చేశారు."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "జై కొట్టేటప్పుడు అది తోచలేదు" అని మాత్రం అన్నాడు. తన ఎకరాలే గుర్తొచ్చాయి కాబోలు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు నా పేపరు సంగతి చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. తిడతాడనుకున్నాను. "మళ్ళీ రాయనిస్తారా?" అన్నాడు. రాయనిస్తారన్నాను. "ఎంత కట్టాలి?" అన్నాడు. చెబితే, బనీను జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి, వేలు తడి చేసుకుని లెక్కపెట్టి ఇచ్చాడు.

మేం గదికి వచ్చేసరికి మిగతావాళ్ళు ఎర్రమట్టి దిబ్బల నుంచి వచ్చేశారు. నాన్న అక్కడ గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, జీడిమామిడికి తప్ప దేనికీ పనికిరాదని తేల్చి, అక్కడే వదిలేశారట. "ఏం చూశావయ్యా?" అంది నాయనమ్మ. "గేటు" అన్నాడు తాతయ్య.

పరీక్ష ఫీజు కట్టాను. ఫలితం రాకముందే ఈ సంచిక అచ్చుకు వెళ్తోంది. మా ఊరి మిత్రులకు ఒక్క మనవి: ఇది మా నాన్న కంట పడనివ్వకండి. పడితే, ఆ పి.యు.సి. ముక్క ఉన్న పేజీ మాత్రం చూపించండి.